ఇత్తడి గొట్టం

జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసుకునే ఇంట పుట్టిన కాత్యాయనికి తండ్రి నుంచి ఆస్తిపాస్తులేవీ రాలేదు గానీ ఒక మొండితనం మాత్రం వచ్చింది. మగపెళ్లివాళ్లు ఎంత తొందరపెట్టినా, గడియారం ముల్లు ముహూర్తం మీదికి వచ్చేదాకా ఆయన జీలకర్ర బెల్లం చేతికిచ్చేవాడు కాదు. కూతురూ అంతే. ఒక అంకె వేసిందంటే దాన్ని దిద్దించడం ఎవరి తరమూ కాదు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది. పెళ్లి కూడా ఊళ్లోనే, హైస్కూల్లో తెలుగు పంతులుగా ఉన్న వేదవ్యాసతో జరిగింది. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ప్రొద్దుటూరులో ఉద్యోగానికి చేరి, రోజూ బస్సులో పోయి వచ్చేది.

ఆ ఉద్యోగం ఇచ్చినవాడు నారాయణ. పులివెందుల పక్క చీనీ, అదే బత్తాయి తోటల కుటుంబం వాళ్లది. అన్నదమ్ములంతా ఎన్నికలనీ పంచాయితీలనీ జీపుల్లో తిరుగుతుంటే ఇతనికి అది సహించలేదు. తన వాటా పొలం అమ్మి, ప్రొద్దుటూరు శివార్లలో రేకుల షెడ్డు వేసి, టీవీలకు వాడే కేబుల్ తయారీ మొదలుపెట్టాడు. కూతురి పేరు మీద చందన కేబుల్స్ అని పెట్టుకున్నాడు.

ఇళ్ల మీదుగా వేలాడే ఆ నల్ల కేబుల్‌ను కోసి చూస్తే నడిమధ్యన రాగి తీగ ఉంటుంది. దాని చుట్టూ నురగలాంటి తెల్లటి ప్లాస్టిక్, దానిపైన పలచటి రేకు, రేకు మీద సన్నటి తీగలతో జడలా అల్లిన తొడుగు ఉంటాయి. లోపలి సిగ్నల్ బయటికి కారకుండా, బయటి సెల్ టవర్ల గోల లోపలికి దూరకుండా అడ్డం నిలిచేది ఆ తొడుగే. అల్లిక వదులైతే టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

ఆ తొడుగు ఎంత గట్టిదో కొలవడమే కాత్యాయని పని. షెడ్డులో ఒక మూల అద్దాల గది ఆమెది. కేబుల్ ముక్కను మనిషంత పొడవున్న ఇత్తడి గొట్టంలోకి దూర్చి, ఒక కొనకు సిగ్నల్ తగిలించి, రెండో కొనకు మూత బిగించేది. మూతలోనే ఆ సిగ్నల్‌ను మింగేసే చిన్న ముక్క ఉంటుంది. ఇక గొట్టంలోకి ఏదైనా కారిందంటే అది అల్లిక సందుల్లోంచే రావాలి. ఎంత కారిందో మీటరు డెసిబెల్స్‌లో చెబుతుంది. అంకె ఎంత పెద్దదైతే తొడుగు అంత గట్టిదన్నమాట. ఎనభై ఐదు దాటితే పాసు.

అల్లిక యంత్రాల దగ్గర అందరూ ఆడవాళ్లే. వాళ్లందరికీ పెద్ద ఖమ్రున్నీసా. భర్త అక్రమ్ చిలమకూరు సిమెంటు లారీల మీద తిరుగుతూ ఇంటికి వచ్చినప్పుడు వచ్చేవాడు, రానప్పుడు లేదు. తల్లి సైదాబీ, కూతురు రుఖియా ఆమె మీదే బతికేవాళ్లు. షెడ్డులో చేరిన ప్రతి పిల్లకీ తీగ కండెలు ఎక్కించడం, తెగిన పోగు కనిపెట్టడం నేర్పింది ఆమే. సాయంత్రం బస్టాండు దాకా ఆమె, కాత్యాయని కలిసి నడిచేవాళ్లు. కాత్యాయని మాటలమనిషి కాదు. ఖమ్రున్నీసాకు నోరు మూతపడదు. అందుకే వాళ్లిద్దరికీ కుదిరింది.

కరోనా పోయిన మరుసటి ఏడు బెంగళూరు కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. అప్పటికే ఊళ్లలో కేబుల్ టీవీ సన్నగిల్లి, అందరూ ఫోన్లలోనే చూసుకుంటున్నారు. షెడ్డులో సగం యంత్రాలు బట్ట కప్పి ఉన్నాయి. ఈ ఆర్డరు సరిగ్గా పంపితే ఏటా వాళ్లదే వస్తుంది, బట్టలు తీసేయొచ్చు. కేబుల్ చుట్టిన ప్రతి డ్రమ్ముకూ కొలత రిపోర్టు జత చేయాలన్నది వాళ్ల షరతు.

"మన దగ్గర కాత్యాయనమ్మ ఉండాది, మనకేం భయం" అన్నాడు నారాయణ అందరి ముందూ.

మొదటి డ్రమ్ము ముక్క గొట్టంలో పెడితే అరవై రెండు చూపింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. కాత్యాయని వైర్లు మార్చి చూసింది, మీటరు ఆపి మళ్లీ వేసింది. ఏం చేసినా అరవై రెండు దాటలేదు.

అలాంటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. అల్లిక బదులు నిండు రాగి గొట్టమే తొడుగుగా ఉన్న ముక్క ఒకటి ఆమె దగ్గర ఉండేది. దాన్నుంచి చుక్క కూడా కారదు. అది పెట్టినప్పుడు కూడా మీటరు లీకు చూపిందంటే తప్పు కేబుల్‌ది కాదు, కొలిచే సరంజామాది. నెలకోసారి అలా చూసుకోవడం ఆమెకు అలవాటే. కానీ ఆ ముక్క కొన దగ్గర పిన్ను వదులై, అతికించాలని పక్కన పెట్టి ఉంది. ఆర్డరు హడావుడిలో అది అలాగే ఉండిపోయింది. ఏళ్ల తరబడి ఆ ఇత్తడి గొట్టం ఒక్కసారి కూడా తప్పు చూపలేదు. ఈసారి మాత్రం ఎందుకు చూపుతుందని ఆమె ధీమా. పైగా అన్ని డ్రమ్ములూ ఒకే అంకె చూపడం ఆమెకు రుజువులా కనిపించింది. వేరు వేరు యంత్రాల మీద వేరు వేరు చేతులు అల్లిన అల్లిక ఒకే అంకె చూపదనీ, ఆ పోలికే అనుమానించాల్సిన సంగతి అనీ అప్పుడు తట్టలేదు.

ముక్క చేతపట్టుకుని యంత్రాల దగ్గరికి వచ్చింది.

"ఖమ్రూ, అల్లిక వదులైతాంది. శానా కారతాంది" అంది.

ఖమ్రున్నీసా యంత్రం ఆపి చేతులు తుడుచుకుంది. "నేనేం మార్చలేదక్కా. పోయిన నెల ఎట్ల అల్లినానో ఇప్పుడూ అట్లే."

"మీటరు అట్ల చెప్పట్లే."

చుట్టూ పిల్లలంతా చూస్తున్నారు. ఖమ్రున్నీసా ఆ ముక్కను తీసుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "నాకైతే కనపడట్లే. నువ్వు చెప్తాండావంటే ఉంటాదిలే" అంది చివరికి. ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి పోయి అద్దాలు వేయించుకుంది. తన చూపు మందగించిందేమోనని ఆమె భయం.

నారాయణ డ్రమ్ములన్నీ పక్కన పెట్టించాడు. కొత్త తీగ తెప్పించాడు. కండెలు పెంచి అల్లిక మరింత చిక్కగా వేయించాడు. అద్దాలు పెట్టుకుని ఖమ్రున్నీసా ప్రతి యంత్రం దగ్గరా నిలబడి చూసుకుంది. పండగ లేదు, ఆదివారం లేదు, అందరూ వచ్చి పనిచేశారు. ఆ చిక్కటి అల్లికను తీసుకొచ్చి గొట్టంలో పెడితే మీటరు అరవై మూడు చూపింది.

నారాయణ బావమరిది ఆ రోజు షెడ్డులోనే ఉన్నాడు. "ఏంది బావా ఇది, ఎనభై ఆరు అని రాసి పంపిద్దాం. బెంగళూరోళ్లు ఒక్కొక్క డ్రమ్మూ కోసి చూస్తారా?" అన్నాడు.

నారాయణ కాత్యాయని వైపు తిరిగాడు. ఎండకు నల్లబడిన ఆ పెద్దమనిషి ముఖం చూస్తే ఆమెకు జాలివేసింది.

"అమ్మా, నాకు ఇంగ వేరే దారి ల్యా. నువ్వు ఏం చెప్తే అది. రాయమంటావా?"

"రాయలేనన్నా. ఉన్నది ఉన్నట్టు రాస్తా. దొంగ అంకె నా చేత్తో పడదు" అంది కాత్యాయని.

"విన్నావు గదరా" అన్నాడు నారాయణ బావమరిదితో. అతను ఇంకేదో అనబోతే, చెప్పు తీసి మీదికి పోయాడు. యంత్రాల దగ్గరి ఆడవాళ్లు అడ్డం పడాల్సి వచ్చింది. ఆ తర్వాత నారాయణే బెంగళూరుకు ఫోన్ చేసి, సరుకు కొలతకు నిలబడలేదని ఉన్నమాట చెప్పాడు. ఆర్డరు పోయింది. డ్రమ్ములన్నీ పాత ఇనుం వాడికి తూకానికి పోయాయి. కొన్ని నెలలు షెడ్డు ఎలాగో నడిచి, తర్వాత బ్యాంకువాళ్లు తాళం వేశారు.

తాళం వేసిన రోజు షెడ్డు బయట ఆడవాళ్లంతా నిలబడ్డారు. ఖమ్రున్నీసా దూరంగా గోడకు ఆనుకుని ఉంది. కాత్యాయని దగ్గరికి పోతే తల వంచుకుంది.

"నా చేతులే ఇంతమందిని ముంచె అక్కా" అంది.

"అట్ల అనుకోవాకు" అంది కాత్యాయని. లోపల మాత్రం ఆమె నమ్మకం కూడా అదే.

మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయారు. ఒకామె మొగుడితో తుమ్మలపల్లె గని దగ్గర క్యాంటీన్ పనికి పోయింది. ఇంకొకామె కలమల్ల దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుంది. ఖమ్రున్నీసా కువైట్‌లో ఇంటిపనికి పోయింది. రుఖియాను సైదాబీ దగ్గర వదిలింది. పోయే ముందు కాత్యాయనికి చెప్పలేదు.

కాత్యాయని ఇంట్లో కూర్చుని పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకునేది. ఊళ్లో ఆమె గురించి గొప్పగానే అనుకున్నారు. ఫ్యాక్టరీ పోతున్నా దొంగ రాత రాయలేదని వేదవ్యాస స్కూల్లో చెప్పుకున్నాడు. నారాయణ అయితే పులివెందులలో అన్న ఎరువుల అంగట్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే కథ చెప్పేవాడని తెలిసింది. అన్నీ పోయినా అబద్ధం ఆడలేదన్న తృప్తి ఒకటి కాత్యాయనికి ఉండేది. రాత్రి కంటిమీదికి కునుకు వచ్చేది ఆ తృప్తితోనే.

మరికొన్నాళ్లకు పులివెందులలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు వేలంలో ఆ ఇత్తడి గొట్టాన్నీ మీటరునూ కొన్నారు. వాడకం చూపించే మనిషి కావాలని కాత్యాయనిని పిలిచారు. సింధూ అనే చిన్న వయసు లెక్చరర్ ఆమెను ల్యాబుకు తీసుకుపోయింది. పెట్టె తెరిస్తే పాత సరంజామా అంతా అందులోనే ఉంది. ఆ రాగి ముక్క కూడా ఉంది. దానితో పాటు ఆఖరి ఆర్డరు కేబుల్ ముక్కలు కొన్ని ఉన్నాయి. వాటికి కట్టిన చీటీల మీద ఆమె చేతిరాతతోనే ఫెయిల్ అని రాసి ఉంది. వాటిని చూస్తే సొంత మనుషులను చూసినట్టు అనిపించింది.

"ఈ రాగిది ఎందుకు మేడం?" అని అడిగింది సింధూ.

"మొదట ఇదే పెట్టల్లమ్మా. దీన్నుంచి ఏమీ కారదు. మీటరు అంకె చివరి దాకా ఎక్కల్ల. అప్పుడే మన గొట్టం బాగుందని తెలిసేది. పిల్లోళ్లకు మొదటి పాఠం ఇదే" అంటూ కాత్యాయని ఆ వదులు పిన్ను అతికించి, ముక్క గొట్టంలో దూర్చి, మూత బిగించింది.

మీటరు అరవై రెండు చూపింది.

ఆమె మూత తీసి మళ్లీ బిగించింది. వైర్లు మార్చింది. సింధూ ఏదో అడుగుతోంది గానీ ఆమెకు వినపడడం లేదు. వేలితో మూత మీద కొద్దిగా నొక్కింది. అంకె కదిలింది. వేలు తీసింది. అంకె వెనక్కి వచ్చింది. మూత విప్పి భూతద్దం కింద పెట్టి చూస్తే, టంకం అతుకు చుట్టూ తలవెంట్రుక మందాన చీలిక ఉంది. ఆనాడు కారింది అల్లికలోంచి కాదు, అందులోంచే.

"దొరికె కదా మేడం, మళ్లా టంకం పెడితే సరిపోతాది" అంది సింధూ సంతోషంగా. తనే టంకం పెట్టింది. అంకె చివరి దాకా ఎక్కింది. "చూడండి, బాగైంది" అంది.

కాత్యాయని ఫెయిల్ చీటీ ఉన్న ముక్క ఒకటి తీసుకుంది. రెండోసారి చిక్కగా అల్లినదది. పెట్టి చూస్తే తొంభై ఆరు చూపింది. మొదటిసారి అల్లిన ముక్క పెట్టింది. ఎనభై తొమ్మిది. అదీ పాసే. మొదటిరోజే పాసు. మిగిలిన ముక్కలూ ఒక్కొక్కటే పెట్టి చూసింది, అన్నీ పాసే.

ఆ రోజు బావమరిది చెప్పినట్టు ఎనభై ఆరు అని రాసి ఉంటే సరిపోయేది. ఆమె రాయనన్న దొంగ అంకె నిజానికి దగ్గరగా ఉంది. నిజమని రాసిన అంకే దొంగది. సింధూ మంచినీళ్లు తెచ్చి ఇచ్చినా ఆమె తాగలేదు.

ముద్దనూరు మీదుగా బస్సులో ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వేదవ్యాసకు అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. "నారాయణకు మిగిలింది ఆ ఒక్క మాటే గదా. తప్పు సరుకు అమ్మలేదని చెప్పుకుని బతుకుతాండాడు. అది కూడా గుంజుకుంటావా?"

"ఆ మాట నేను చెప్పిందే గదండీ. అబద్ధం చెప్పినట్టే అయింది గదా."

"కావాలని చెప్పినావా?"

"ఏదో ఒగటి. ఖమ్రూ తన చేతులే చెడ్డాయనుకోని పోయింది. దాన్ని అట్లే వదిలేయమంటారా?"

ఆయన వద్దనే మళ్లీ అన్నాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన మాట ఆమె కాదన్నది ఆ ఒక్కసారే.

ఎరువుల అంగట్లో నారాయణ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు గానీ ముఖంలో పాత ఆదరణ అలాగే ఉంది. పక్కనున్న రైతుకు ఆమెను చూపించాడు.

"నేను చెప్తుంటా గదా మామా, ఈమే కాత్యాయనమ్మ. ఫ్యాక్టరీ మునుగుతాందని తెలిసీ దొంగ రాత రాయలే. నాది పోయింది గానీ పరువుతో పోయింది."

రైతు చేతులు జోడించాడు. కాత్యాయనికి ఆ నమస్కారం చెంపదెబ్బలా తగిలింది. రైతు వెళ్లేదాకా ఆగి, "అన్నా, ఇంటికాడ మాట్లాడల్ల" అంది.

ఇల్లు అంగడి వెనకే. భార్య యశోదమ్మ మజ్జిగ తెచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కాత్యాయని ఎక్కడా ఆగకుండా చెప్పింది. మూత సంగతి, చీలిక సంగతి, రాగి ముక్కతో చూసుకోకపోవడం, అన్నీ చెప్పింది. తనవైపు నుంచి ఒక్క సాకూ కలపలేదు.

నారాయణ మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"రెండోసారి అల్లింది బాగుండాదా?"

"బాగుండాదన్నా."

"మొదటిది?"

"అదీ బాగుండాది."

"అంటే అన్నీ."

"అన్నీ అన్నా."

నారాయణ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మంచి సరుకును పాత ఇనుం వానికి పోసినా" అన్నాడు. కాసేపటికి, "మా బావమరిదిని చెప్పుతో కొట్టబోయినా. అప్పటినుంచి వాడు మా ఇంటి గడప తొక్కలే. అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు" అన్నాడు. యశోదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను తిట్టన్నా" అంది కాత్యాయని.

"తిడితే ఏమొస్తాది" అన్నాడు నారాయణ. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "పోమ్మా. మళ్లా నీకు బస్సు దొరకదు."

కొన్నాళ్లకు యశోదమ్మ ఫోన్ చేసింది. నారాయణ అంగటికి పోవడం మానేశాడట. ఎవరైనా పలకరిస్తే గోడవైపు తిరుగుతాడట. "యాల చెప్పినావమ్మా? నీ బరువు దించుకోను వచ్చి, ఆయన నెత్తిన పెట్టిపోయినావు. ఆ ఒక్క మాటా చెప్పుకుంటా తిరుగుతా ఉన్నె మనిషి. ఇప్పుడు ఏం చెప్పుకోవల్ల?" అని అడిగింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఆ మాటతో ఫోన్ పెట్టేసింది.

ఆ ఫోన్ తర్వాత కాత్యాయని ఖమ్రున్నీసాకు చెప్పడం వాయిదా వేస్తూ వచ్చింది. కానీ ఇది వేరు అనుకుంది. నారాయణ దగ్గర ఒకటి తీసుకుంది, ఖమ్రున్నీసాకు ఒకటి తిరిగి ఇవ్వబోతోంది. ఆ మాటతో ధైర్యం తెచ్చుకుని ఒక శుక్రవారం ప్రొద్దుటూరులో సైదాబీ ఇంటికి పోయింది. శుక్రవారం ఒక్కరోజే ఖమ్రున్నీసాకు ఫోన్ మాట్లాడే వీలు దొరుకుతుంది.

ఫోన్ తెరమీద ఖమ్రున్నీసా ముఖం చిక్కిపోయి ఉంది. ఆ అద్దాలే పెట్టుకుని ఉంది. కాత్యాయనిని చూసి మొదట నవ్వింది. "అక్కా, నువ్వా, యాడినుంచి వస్తివి" అంది.

కాత్యాయని చెప్పింది. ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగింది.

"అట్లయితే నా కండ్లు బాగుండాయా?" అని అడిగింది ఖమ్రున్నీసా.

"బాగుండాయి ఖమ్రూ. నీ చేతులూ బాగుండాయి. నీ అల్లికలో ఏ తప్పూ ల్యా."

ఖమ్రున్నీసా అద్దాలు తీసి పక్కన పెట్టింది.

"షెడ్డు మూసినాక చీరల మగ్గాల కాడ పనికి పిలిచిరక్కా. మన ఈదిలోనే. దుడ్లు బాగానే ఇస్తామనిరి. నేను పోలే. నా చేతులు వదులైనాయి, ఇంకొకరిని ముంచేది ఎందుకని. చేతుల పని వద్దని ఈ గిన్నెలు తోమే పనికి వస్తిని."

కాత్యాయని పక్కన రుఖియా గోడకు ఆనుకుని తల్లి ముఖం కేసే చూస్తోంది. ఆ పిల్ల తల్లిని వదిలి ఉండడానికి కారణం కువైట్ కాదు, బ్యాంకు తాళం కూడా కాదు. నలుగురి ముందూ కాత్యాయని అన్న ఆ ఒక్క మాట.

"ఇప్పుడన్నా వచ్చేయి ఖమ్రూ. నేను మగ్గాల కాడ మాట్లాడతా."

"యాడ వచ్చేది. పాస్‌పోర్టు ఈ ఇంటోళ్ల కాడ ఉండాది. ఒప్పందం గడువు ఇంకా ఉండాది." ఖమ్రున్నీసా కళ్లు తుడుచుకుంది. "నేను మీటరును నమ్మలేదక్కా. నాకు మీటరు ఏం తెలుసు. నువ్వు చెప్పినావని నమ్మినా."

వెనకనుంచి ఎవరో అరబ్బీలో పిలిచారు. తెర ఆగిపోయింది.

ఆ తర్వాత కాత్యాయని మగ్గాల వాళ్ల దగ్గరికి పోయి అడిగింది. అందులో చాలా మగ్గాలు మూతపడ్డాయి. ఉన్నవాటికి ఉన్నవాళ్లే ఎక్కువన్నారు. కాలేజీ నుంచి సింధూ రెండు మూడుసార్లు పిలిచింది, పిల్లలకు కొలత నేర్పడానికి రమ్మని. ఒకసారి పోయింది. మీటరు ముందు కూర్చుని, చూపిన అంకెను చదవలేక, "నువ్వే చూడమ్మా" అని లేచి వచ్చేసింది. మళ్లీ పోలేదు. ఇంట్లో పిల్లల లెక్కలు దిద్దేటప్పుడు కూడా ఒకే కూడికను మళ్లీ మళ్లీ చేసి చూసి, చివరికి కాగితం వేదవ్యాస ముందు పెడుతుంది. ఆయన చూసి సరిగ్గానే ఉందని చెబుతాడు. ఆమె నమ్మదు.

శుక్రవారాలు మాత్రం ప్రొద్దుటూరుకు పోతుంది. సైదాబీ చాప వేస్తుంది, టీ ఇస్తుంది. ఫోన్ వస్తే ముందు సైదాబీ మాట్లాడుతుంది, తర్వాత రుఖియా మాట్లాడుతుంది. చివరికి ఫోన్ కాత్యాయని చేతికి వస్తుంది. అప్పటికి అవతల ఖమ్రున్నీసా, "మేడం పిలుస్తాంది, మళ్లా చేస్తా" అంటుంది. నిజంగానే పిలుస్తోందో లేదో తెలియదు. తెర నల్లబడుతుంది. కాత్యాయని ఫోన్ రుఖియాకు ఇచ్చి, జమ్మలమడుగు బస్సుకు లేస్తుంది.